పచ్చని సీసా

నికెల్ సల్ఫేట్‌ను మీలో చాలామంది చూసి ఉండకపోవచ్చు. మైలుతుత్తం మాత్రం చూసే ఉంటారు. అది నీలం, ఇది నీలిఛాయ గల పచ్చ. రెండూ స్ఫటికాలే. మైలుతుత్తంలో ఐదు నీటి అణువులుంటే, మామూలుగా దొరికే నికెల్ సల్ఫేట్‌లో ఆరు ఉంటాయి. నీటిలో సులభంగా కరుగుతుంది. కొన్నేళ్ల క్రితం ఒక పాఠంలో నేను ఈ సంగతులు రాసి, ఉపయోగాలు ఆరు చెప్పి, ముగించేశాను.

పాఠం అచ్చయ్యాక హైదరాబాదులో ఒక ఆదివారం సంపర్క తరగతికి వెళ్లాను. సీసా చూపించి, ఇదేమిటో చెప్పగలరా అని అడిగాను. వెనక బల్ల మీద కూర్చున్న, ముప్పై దాటిన అభ్యాసకుడొకరు లేచారు.

"మా తొట్లె పోసేది ఇదే గద మేడమ్."

ఆయన ఇనుప సామాన్లకు నికెల్ పూత వేసే కార్ఖానాలో పనివారు. ఆ రోజు పాఠం చెప్పింది నిజానికి ఆయనే. లీటరు నీటికి సుమారు 250 గ్రాముల నికెల్ సల్ఫేట్, దానికి కొంత నికెల్ క్లోరైడ్, బోరిక్ ఆమ్లం కలుపుతారు. (1916లో అమెరికాలో వాట్స్ ప్రకటించిన మిశ్రమమే కొద్ది మార్పులతో నేటికీ వాడుకలో ఉంది.) ద్రావణాన్ని గోరువెచ్చని కన్నా కాస్త హెచ్చుగా, 50 డిగ్రీల దరిదాపుల్లో ఉంచుతారు. పూత వేయవలసిన వస్తువును ఋణధ్రువానికి, నికెల్ పలకను ధనధ్రువానికి తగిలిస్తారు. విద్యుత్తు ప్రవహించినప్పుడు ద్రావణంలోని నికెల్ వస్తువు మీద చేరుతుంది. పలక కరిగి ఆ లోటును పూరిస్తుంది.

చెబుతూ చేతులు చాపారు. వేళ్ల సందుల్లో పొక్కులు, మణికట్టు దగ్గర పగుళ్లు.

"సేటు ఎండకు అంటడు. మీ పుస్తకంల దీని గురించి ఏమన్న రాసిన్రా మేడమ్?"

రాయలేదు. సిగ్గుపడ్డాను. ఎందుకంటే ఆ సంగతి నాకు తెలియనిదేమీ కాదు. చిన్నప్పుడు గిల్టు కమ్మలు పెట్టుకుంటే నా చెవులు రసి కారేవి. "దీనికి గిల్టు పడదు" అనేది మా అమ్మ. చెమటకు ఆ కమ్మల్లోని నికెల్ కొద్దికొద్దిగా కరిగి చర్మంలోకి దిగుతుందని పెద్దయ్యాక తెలిసింది. చర్మవైద్యులు నా వీపు మీద చిన్న పట్టీలు అంటించారు. వాటిలో ఒకదానిలో వాజలీన్‌లో కలిపిన నికెల్ సల్ఫేట్ ఉంది. రెండు రోజులకు తీసి చూస్తే ఆ ఒక్కచోటే ఎర్రగా పొంగింది. జబ్బు తెచ్చే లవణంతోనే జబ్బును పట్టుకుంటారన్నమాట. ఒకసారి ఇలా పడకుండా పోతే సాధారణంగా జీవితాంతం పడదు. పూతమందు దురదను తగ్గిస్తుంది, స్వభావాన్ని మార్చదు.

కమ్మలు నేను తీసేయగలిగాను. తొట్టి ఆయన జీవనాధారం.

చర్మం సంగతి ఇలా ఉండగా, ఊపిరి సంగతి ఇంకా ముఖ్యం. తొట్టిలో బుడగలు పగిలినప్పుడు సన్నని తుంపర లేస్తుంది. పొడి లవణం పోసేటప్పుడు దుమ్ము లేస్తుంది. నికెల్ సమ్మేళనాలు మనిషికి క్యాన్సర్ కలిగిస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1990లో వర్గీకరించింది. ఊపిరితిత్తులకూ ముక్కులోపలి భాగానికీ ఆ ముప్పు. కాబట్టి తొట్టి దగ్గర గాలిని బయటికి లాగే ఫ్యాను ఉండాలి. బీడీ, టీ అక్కడ కూడదు. చేతి తొడుగులు మందంగా, మోచేతుల దాకా ఉండాలి. చిల్లుపడిన తొడుగు వట్టి చేతికన్నా చెరుపు, లోపలికి దిగిన ద్రావణం అక్కడే నానుతూ ఉంటుంది. వాడిన నీటిని మోరీలోకి వదలకూడదు.

తరువాతి ముద్రణలో ఇవన్నీ చేర్చాను. ఉపయోగాలు రెండు తగ్గించవలసి వచ్చింది. అయితే విద్యుత్ వాహనాల బ్యాటరీల తయారీలో ఈ లవణం వాడకం బాగా పెరిగింది కనుక దాన్ని చేర్చక తప్పలేదు.

ఆయన ప్రభుత్వాసుపత్రిలో చూపించుకున్నారు. నాకు చేసిన పరీక్షే చేశారు, ఫలితమూ అదే. తొట్టి పని మాని, తక్కువ కూలికి వేరే పనిలో చేరారు. పరీక్షల ముందు ఉత్తరం రాశారు: ప్రాక్టికల్‌లో నికెల్ లవణం ఇస్తే ముట్టుకోవాలా అని. ముట్టుకోనక్కరలేదనీ, చిటికెడు లవణాన్ని చెంచాతో పరీక్షనాళికలో వేస్తే చాలనీ, తొడుగులు వెంట తెచ్చుకోమనీ జవాబు రాశాను.