పక్క సీటు

నేను కారు నడపడం రెండుసార్లు నేర్చుకున్నాను. మొదటిసారి కూకట్‌పల్లిలో, ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం సెలవుల్లో. డ్రైవింగ్ స్కూలు వాళ్ళ మారుతి 800లో ఎడమవైపు సీటు దగ్గర కూడా ఒక క్లచ్చూ, ఒక బ్రేకూ ఉండేవి. సార్ ఆ సీట్లో కూర్చుని, మోచెయ్యి కిటికీ మీద పెట్టుకుని, ఫోన్లో ఎవరితోనో చిట్టీ డబ్బుల గురించి మాట్లాడుతూ ఉండేవాడు. ఎదురుగా ఆటో వస్తే మాట ఆపకుండానే బ్రేకు తొక్కేవాడు. కోర్సు అయిపోయింది, ఆర్టీఏ ఆఫీసులో లైసెన్సూ వచ్చేసింది. తర్వాత మా మావయ్య కారు తీసుకుని ఒక్కణ్ణే రోడ్డెక్కినప్పుడు తెలిసింది, అన్ని రోజులూ బ్రేకు వేసింది నేను కాదని.

రెండోసారి కాలిఫోర్నియాలో, ముప్ఫై మూడేళ్ళ వయసులో, ఒక రేస్ ట్రాక్ మీద. అక్కడ పక్క సీట్లో కూర్చునే మనిషికి పెడల్స్ ఉండవు. కారు నాది, స్టీరింగు నా చేతిలో, మూడు పెడల్సూ నా కాళ్ళ కింద. ఆయన ప్రాణం కూడా నా కాళ్ళ కిందే అనుకోండి. ఆయన దగ్గర ఉన్నదల్లా మాట ఒక్కటే.

ట్రాక్ డే అంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇది రేసు కాదు. ఎవరు ముందొచ్చారన్న లెక్క ఉండదు, కప్పులు ఇవ్వరు. రేసులు లేని రోజుల్లో ఏదో ఒక క్లబ్బు ట్రాక్‌ని అద్దెకి తీసుకుంటుంది. మనం ఫీజు కట్టి, రోజూ ఆఫీసుకి వెళ్ళే కారునే తీసుకెళ్ళి అక్కడ నడుపుకోవచ్చు. పొద్దున్నే టైర్లూ, బ్రేకులూ, హెల్మెట్టూ తనిఖీ చేస్తారు. కారులో ఉన్న సామానంతా బయట పెట్టేయాలి. మలుపులో నీళ్ళ సీసా దొర్లుకుంటూ వచ్చి బ్రేకు కింద ఇరుక్కుంటే ఏమవుతుందో ఊహించుకోండి. డ్రైవర్లని అనుభవాన్ని బట్టి గుంపులు చేసి, ఒక్కో గుంపుని ఇరవై నిమిషాల చొప్పున ట్రాక్ మీదకి వదులుతారు. ముందున్నవాడు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి "ఇటు వెళ్ళు" అని చూపిస్తే తప్ప దాటకూడదు. అదీ వాళ్ళు చెప్పిన చోట్లలోనే. కొత్తవాళ్ళ పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఒకరు కూర్చుంటారు. వీళ్ళూ ఎక్కువమంది అమెచ్యూర్లే. చాలా క్లబ్బుల్లో వీళ్ళకి జీతం ఉండదు, పాఠం చెప్పినందుకు బదులుగా మిగతా టైములో ట్రాక్ మీద ఫ్రీగా నడుపుకోనిస్తారు. వెబ్ పత్రికలకి పుస్తక సమీక్షలు రాసే నాబోటివాళ్ళకి ఈ ఏర్పాటు కొత్తగా ఏమీ అనిపించదు.

నేను వెళ్ళినది థండర్‌హిల్ అనే ట్రాక్. శాక్రమెంటోకి ఉత్తరంగా, విలోస్ అనే చిన్న ఊరి దగ్గర ఉంటుంది. చుట్టూ ఎండిన గడ్డి కొండలు. మూడు మైళ్ళ చుట్టు, 15 మలుపులు. వెళ్ళేముందు సాఫ్ట్‌వేర్ వాళ్ళందరూ చేసే పనే నేనూ చేశాను. చదివాను. పియెరో టరుఫీ అని, 1957లో ఇటలీలో మిల్లె మిలియా రేసు గెలిచినాయన, స్వయానా ఇంజనీరు. మలుపుల్ని రేఖాగణితం లెక్కల్లా విడగొట్టి ఒక పుస్తకం రాశాడు. అది చదివాక మలుపంటే ఏమిటో నాకు పూర్తిగా తెలుసు అనుకున్నాను. ఎగ్జామ్ ముందు రోజు రాత్రి ఉండే ధీమా అన్నమాట.

మొదటి ఇన్‌స్ట్రక్టర్‌కి అరవై దాటి ఉంటాయి. ఎన్నో ఏళ్ళు రేసుల్లో నడిపాడు, ఆ ట్రాక్‌లో ప్రతి గజమూ ఆయనకి తెలుసు. అందులో నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు. హెల్మెట్లకి ఇంటర్‌కమ్ తగిలించుకున్నాం. పిట్ లేన్ దాటామో లేదో మొదలైంది. "గ్యాస్, గ్యాస్! బ్రేక్! గట్టిగా! తిప్పు, ఇంకా తిప్పు, ఎందుకు వదిలావ్, గ్యాస్!" ఒక మలుపులో నేను చేసిన తప్పు గురించి ఆయన చెబుతుండగానే తర్వాతి మలుపు వచ్చేసేది. ఆయన మాట వింటూ ఉంటాను కాబట్టి అక్కడ ఇంకో తప్పు. దాని గురించి ఆ తర్వాతి మలుపులో చెప్పేవాడు. ఇలా మూడు మైళ్ళూ ఆయన ఒక మలుపు వెనకా, నేను రెండు మలుపుల వెనకా తిరిగాం. ఆయన నడుపుతున్నాడు, నా కాళ్ళూ చేతులతో.

మూడో సెషన్లో జరిగింది. థండర్‌హిల్‌లో మూడో మలుపు దగ్గర రోడ్డు లోపలివైపు కాకుండా బయటివైపుకి వాలి ఉంటుంది, కారుని బయటికి తోసేస్తున్నట్టే ఉంటుంది. నేను కొంచెం స్పీడుగానే వచ్చాను. తిప్పాను. ఇంటర్‌కమ్‌లో "నో! నో! నో!" అని కేక.

దేనికి నో? స్టీరింగుకా, గ్యాస్‌కా, దారికా? నాకు తెలీలేదు. దేనికో తెలియని నో వినపడితే మనిషి అన్నీ మానేస్తాడు. గ్యాస్ మీంచి కాలు పూర్తిగా తీసేశాను.

టైరుకి ఉండే పట్టు నెల జీతం లాంటిది. తిప్పడానికి కొంత, బ్రేకుకి కొంత, గ్యాస్‌కి కొంత ఇవ్వాలి, మొత్తం దాటకూడదు. మలుపు మధ్యలో ఉన్నపళంగా గ్యాస్ వదిలేస్తే కారు బరువు ముందుకి తూలుతుంది, వెనక టైర్లు తేలికవుతాయి, వాటి జీతం సగంలో కోసేసినట్టే. వెనక భాగం ముందుకి రావాలని చూస్తుంది. వచ్చింది. కొండలు కిటికీలోంచి ఒకసారి చుట్టూ తిరిగి, దుమ్ములో ఆగాం. పొద్దున మీటింగులో చెప్పారు కాబట్టి క్లచ్చూ బ్రేకూ రెండూ తొక్కాను, ఆ ఒక్కటీ సరిగ్గా చేశాను. ఇద్దరికీ ఏమీ కాలేదు. నల్ల జెండా చూపించి పిట్స్‌లోకి పిలిచారు. ఏమైందని అక్కడివాళ్ళు అడిగితే ఆయన, "మలుపు మధ్యలో గ్యాస్ వదిలేశాడు" అన్నాడు. నిజమే. ఆ నిజం సమీక్షల్లో రాసే నిజం లాంటిది.

ఆయన్ని దుర్మార్గుడిగా చూపించాలని కాదు. పెడల్ లేని సీట్లో, తెలియని కుర్రాడి పక్కన, ముందు ఏం జరగబోతోందో నాకంటే ముందే కనిపిస్తూ ఉంటే కేక రాకుండా ఎలా ఉంటుంది? ఆయన చేతులు వణకడం హెల్మెట్ తీసేటప్పుడు చూశాను. అయినా ఆ రోజు మిగిలిన సెషన్ మానేసి ఇంటికొచ్చేశాను. మూడు గంటల దారి, కుడివైపు లేన్లో, ట్రక్కుల వెనకాల.

ఇంటికొచ్చి మా ఆవిడకి అంతా చెప్పాను. మధ్యలో అరిచాడని, దేనికి వద్దంటున్నాడో చెప్పలేదని, తప్పంతా నామీదకి తోశాడని. తను పప్పుకి పోపు పెడుతూ విన్నది. చివర్లో, "లైబ్రరీ పార్కింగ్ లాట్ గుర్తుందా నీకు?" అంది.

గుర్తుంది. తను అమెరికా వచ్చిన కొత్తలో, ఆదివారం ఉదయాలు ఖాళీగా ఉండే ఆ పార్కింగ్ లాట్‌లో తనకి డ్రైవింగ్ నేర్పడానికి తీసుకెళ్ళాను. మూడో ఆదివారం షాపింగ్ బండి ఒకటి అడ్డుగా ఉంటే, దానికి ఇంకా ఇరవై అడుగుల దూరం ఉండగానే, "ఏయ్, ఏయ్, ఏం చేస్తున్నావ్!" అని అరిచాను. ఏం చేస్తున్నావ్ అన్నది ప్రశ్న కాదు కదా. తను కారు ఆపేసి, తాళం తీసి నా ఒళ్ళో పడేసి, దిగి నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది. రెండు మైళ్ళు. ఆ తర్వాత రెండేళ్ళు ఎక్కడికి వెళ్ళాలన్నా బస్సు, లేదంటే నేను. కూరగాయలకీ నేనే, డాక్టర్ దగ్గరకీ నేనే. తనకి డ్రైవింగ్ అంటే భయమని మా ఇద్దరి ఇళ్ళలోనూ చెప్పుకుంటూ వచ్చాం. తనకి భయం కారంటే కాదని అప్పుడు, పోపు వాసనలో, నాకు అర్థమైంది. అర్థమైందని తనతో అనలేదు. భోజనం చేసి పడుకున్నాం.

మళ్ళీ ట్రాక్‌కి వెళ్ళకూడదనే అనుకున్నాను. అయితే ఇంకో క్లబ్బుకి ముందే కట్టిన ఫీజు వెనక్కి ఇవ్వరు. (తెలుగువాడి ధైర్యాలు కొన్ని ఇలాగే పుడతాయి.) అయిదు నెలల తర్వాత, అదే థండర్‌హిల్. ఈసారి ఇన్‌స్ట్రక్టర్ ఒకావిడ, యాభై అయిదేళ్ళు ఉంటాయి, పాత మియాటాలో వచ్చారు. కారెక్కకముందే పది నిమిషాలు నాతో మాట్లాడారు. ఇంతకుముందు ఏం జరిగిందో అడిగారు. చెప్పాను. ఆవిడ ఆ ఇన్‌స్ట్రక్టర్‌ని ఒక్క మాట అనలేదు. "ఈ సెషన్లో ఒక్కటే పని. నువ్వు దేన్ని చూస్తున్నావో పైకి చెబుతూ ఉండు. మిగతావి తప్పులు చేసుకో" అన్నారు.

కొత్తవాళ్ళ కోసం మలుపుల దగ్గర నారింజ రంగు కోన్లు పెడతారు. "కోన్" అన్నాను. "కోన్. ముందు కారు. ముందు కారు. అద్దం. ముందు కారు." రెండు చుట్లు అయ్యేసరికి నా గొంతు నాకే వినపడి సిగ్గేసింది. నేను చూస్తున్నదంతా ముక్కు ముందర ఉన్నదే. ఆవిడ ఏమీ అనలేదు. తొమ్మిదో మలుపు ఒక గుట్ట మీద ఉంటుంది, పైకెక్కేదాకా అవతల రోడ్డు కనపడదు. "ఇక్కడ ఏం కనిపిస్తోంది?" అన్నారు. "ఆకాశం." "ఆకాశం తర్వాత రోడ్డు ఎటు పోతుందో గుర్తుందా?" ఉంది. "అయితే దాన్ని చూడు." కనపడని దాన్ని చూడమనడం వేదాంతంలా ఉంటుందిగానీ, తల అటు తిప్పగానే చేతులు వాటంతట అవే నెమ్మదించాయి.

టిమొతీ గాల్వే అని ఒక టెన్నిస్ కోచ్ 1974లో ఒక పుస్తకం రాశాడు, ద ఇన్నర్ గేమ్ ఆఫ్ టెన్నిస్. మణికట్టు ఇలా తిప్పు, భుజం అలా పెట్టు అనకుండా, బంతి నేలకి తగిలినప్పుడు "బౌన్స్", రాకెట్‌కి తగిలినప్పుడు "హిట్" అని పైకి అనమంటాడు. నోటికి ఆ పని అప్పజెప్పాక లోపల తిట్టుకునేవాడికి చోటుండదు, ఆట దానంతటది కుదురుకుంటుంది. ఎప్పుడో చదివి, బాగుంది అనుకుని పక్కన పెట్టేశాను. సమీక్ష కూడా రాశాననుకుంటా. ఆవిడ ఆ పుస్తకం చదివారో లేదో తెలీదు.

ఆవిడ గురించి ఇంకొకటి చెప్పాలి, లేకపోతే మంచి ఇన్‌స్ట్రక్టరంటే మౌనంగా ఉండేవాళ్ళని అనుకుంటారు. మధ్యలో ఆవిడ వేరే పని మీద వెళ్తే ఒక సెషన్‌కి ఇంకొకాయన కూర్చున్నాడు. ఇరవై నిమిషాలూ మాట్లాడలేదు, చివర్లో "గుడ్ జాబ్" అన్నాడు. అది కూకట్‌పల్లి సార్ మౌనమే, బ్రేకు లేకుండా. ఆవిడ మౌనం వేరు. నాలుగో సెషన్లో, కొండ దిగుతుండగా, ముందు కారు ఒకటి జారి అడ్డం తిరిగింది. "బ్రేక్." ఒక్కసారే, గట్టిగా. పొద్దుట్నుంచీ ఆ మాట ఆవిడ నోట్లోంచి రాలేదు కాబట్టి, నేను వినేలోపు నా కాలు విన్నది. రోజంతా వాడకుండా దాచిన మాట అది.

సాయంత్రం కుర్చీలు మడతపెడుతుంటే, నా తప్పులు మీకు కనపడలేదా అని అడిగాను. ఓ పాతిక దాకా కనిపించాయన్నారు. మరి చెప్పలేదేం? "పాతిక చెప్తే నువ్వు ఏది దిద్దుకుంటావ్?"

ఈ మాట నాకు కొత్త కాదు, అదే బాధ. కొన్నేళ్ళ క్రితం ఒకరి మొదటి కథల పుస్తకం మీద సమీక్ష రాశాను. పద్నాలుగు లోపాలు, పేజీ నంబర్లతో సహా. రచయిత మెయిల్ రాశారు: మీరు చెప్పినవన్నీ నిజమేనండీ, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలీడం లేదు. ఆ మెయిల్‌ని నేను మెచ్చుకోలుగా తీసుకున్నాను. ఇద్దరు ముగ్గురికి చూపించాను కూడా. వారి రెండో పుస్తకం ఇప్పటిదాకా రాలేదు. దానికి కారణం నేనే అనుకోవడం గొప్పలు పోవడమే అవుతుంది, కానీ ఆ రోజు విలోస్‌లో పెట్రోలు కొట్టిస్తూ ఆ మెయిల్ వెతికి మళ్ళీ చదివాను. జవాబు రాద్దామని మొదలుపెట్టి, పంపలేదు.

ఇంటికి వెళ్ళి మా ఆవిడకి మాత్రం చెప్పాను. లైబ్రరీ సంగతి. తప్పు నాదేనని. తను పెద్దగా ఏమీ అనలేదు. "మళ్ళీ నేర్పిస్తానంటావా ఏంటి?" అంది అనుమానంగా. లేదన్నాను. డబ్బు కట్టి డ్రైవింగ్ స్కూల్లో చేరింది. రెండు నెలల్లో లైసెన్సు తెచ్చుకుంది, మొదటి టెస్టులోనే. (నేను ఇక్కడ రెండోసారికి పాసయ్యాను. ఈ వాక్యం రాయమన్నది తనే.)

లైసెన్సు వచ్చిన వారానికి గుడికి వెళ్ళాం, తను నడుపుతూ. ఫ్రీవే ఎక్కే దారి మొదలైంది. ఎడమవైపు ట్రక్కు. నాలో ఉన్న మాటలన్నీ ఒక్కసారి గొంతు దాకా వచ్చాయి. మింగాను. ట్రక్కుని వెళ్ళనిచ్చి, దాని వెనకాల మెల్లగా లేన్లోకి చేరింది. నేను మా ఇన్‌స్ట్రక్టర్ గారి లాగే, వీలైనంత మామూలుగా, "ఏం కనిపిస్తోంది?" అని అడిగాను.

"నీ కుడికాలు" అంది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే. "అక్కడ బ్రేకు లేదు. తొక్కడం ఆపు."