చెరువుకీ కావ్యానికీ చుట్టరికం

మనిషి పోయాక కూడా పేరు నిలబెట్టేవి ఏడున్నాయన్నారు పెద్దలు: కొడుకు, చెరువు, కావ్యం, గుడి, తోట, అగ్రహారం, నిధి. సప్తసంతానాలంటూ బళ్లో గడగడా అప్పజెప్పేశాం గానీ, చెరువునీ కావ్యాన్నీ ఒకే బంతిలో ఎందుకు కూర్చోబెట్టారని ఎవరమూ అడగలేదు. చెరువు తవ్వాలంటే పలుగూ పారా కావాలి, ఊరంతా దిగాలి. కవికి గంటం, తాటాకు ఉంటే చాలు. ఈ రెంటికీ చుట్టరికం ఎక్కడ కలిసింది?

నాకు జవాబు పోరుమామిళ్లలో దొరికింది. కడప జిల్లాలోని ఆ చెరువుని కట్టించినవాడు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు. 1369 నాటి శాసనం ఆ వివరమంతా సంస్కృత శ్లోకాల్లో చెబుతుంది. వెయ్యిమంది కూలీలు, వంద బళ్లు, రెండేళ్ల పని. రాజుగారి శాసనం కనక పొగడ్తలు తప్పవు. వాటి నడుమ అసలు సరుకుంది: మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు. నీటిశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, తియ్యటి నీళ్లు తెచ్చే ఏరు, కొండల నడుమ పొట్టిగా బిగువుగా కట్ట, దగ్గర్లో రాతి గని, పని తెలిసిన మనుషులు, ఇవన్నీ అంగాలు.

దోషాల జాబితా ఇంకా రుచిగా ఉంటుంది. కట్టలోంచి నీరు ఊరడం, చౌడు నేల, చెరువు మధ్యలో మెరక. నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువైనా దోషమే, నీళ్లు ఎక్కువై ఆయకట్టు తక్కువైనా దోషమే. ఆరోది, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం. కృష్ణా నీళ్ల పంచాయితీ పేపర్లో చదివినప్పుడల్లా ఆ శాసనం రాసిన కవికి మనసులోనే ఓ దణ్ణం పెడతాను.

నీళ్లతో పని పడ్డవాడు రాస్తే కవిత్వం ఎలా ఉంటుందో చూడాలంటే శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’ తెరవాలి. శ్రీవిల్లిపుత్తూరులో తెల్లవారుజాము. వరిపొలాల కాలవల్లో బాతులు రెక్కల్లో తల దూర్చి నిద్రపోతున్నాయి. చూసిన తలారులు, స్నానానికి వచ్చిన బ్రాహ్మలు పిండి మరిచిపోయిన బట్టలనుకున్నారు. పాపం, తిరిగి ఇచ్చేద్దామని కాలవలోకి దిగారు. బట్టలు కాస్తా లేచి పరుగెత్తాయి. చేను కాస్తున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. నీళ్లు ఎంత అందంగా ఉన్నాయో కవి వేరే చెప్పలేదు. కాలవ పారుతోంది, పైరు ఉంది, కాపలా ఉంది, నవ్వు ఉంది. ఊరు సుభిక్షంగా ఉందనడానికి అది చాలు.

నాలుగో ఆశ్వాసంలో వాన పట్టుకుంటుంది. మబ్బులూ మెరుపులూ సరే, ఆ ముసురులో ఇల్లాలు నిప్పు కోసం ఇల్లిల్లూ తిరగడం చూశాడాయన. దొరికిన నిప్పు తడికట్టెకి అంటుకోదు, ఊదిన కొద్దీ పొగే. అవతల రెడ్లు గురుగు, చెంచలి, తుమ్మి, చింతచిగురు నూనెలో పొరటించుకుని ఆరికల అన్నంతో లాగించి, కుంపటి పక్కన మంచమెక్కుతారు. వాన అందరి మీదా కురుస్తుంది గానీ, వంటింట్లో ఉన్నవాళ్లకి ఒకలాగా మంచం మీద ఉన్నవాళ్లకి ఒకలాగా కురుస్తుందని పదహారో శతాబ్దపు మహారాజు గమనించాడు.

ఆయన చెరువూ కట్టించాడు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, పదిహేను ఇరవై వేలమంది అక్కడ పనిచేస్తూ కనిపించారని రాశాడు. కట్ట రెండు మూడుసార్లు తెగిందనీ, చావుశిక్ష పడ్డ ఖైదీలనీ గుర్రాలనీ దున్నలనీ బలిచ్చారనీ కూడా రాశాడు. బాతుల్ని చూసి మురిసిపోయిన పాఠకుడు ఇదీ తెలుసుకోవాలి. కాలవలో నిద్రపోయే బాతు వెనక ఎంత మట్టి మోత, ఎంత రక్తం ఉంటాయో ప్రబంధం చెప్పదు.

ఇప్పుడు నది మీద కవిత వచ్చిందంటే నది తల్లి, కాలం ప్రవాహం, జీవితం సముద్రం. పేరు మారిస్తే గోదావరి కవిత పెన్నకీ సరిపోతుంది. ఏ రేవులో ఇసుక లారీలు దిగుతున్నాయో అందులో ఉండదు. కవుల్ని అని ఏం లాభం? మన నీళ్లు మోటారు స్విచ్చు దగ్గర మొదలై సింకు దగ్గర అయిపోతాయి. బోరు ఎన్నడుగులో చెప్పగలం గానీ, వీధి చివరి చెరువు అలుగు ఎటు పారేదో చెప్పలేం. ఆ దారిలో ప్లాటు కొన్నవాళ్లకి మాత్రం ఒక్క పెద్ద వానతో తెలిసొస్తుంది.

అందుకే చెరువు మీద రాయబోయే కవికి నాదొక మనవి. ముందు కట్ట మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా నడవండి. నీరటి కనిపిస్తే ఏ తూము కారుతోందో, ఏ వైపు పూడిక పేరిందో అడగండి. పోరుమామిళ్ల దోషాల్లో మీ చెరువుకి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. పద్యం కుదిరితే సంతోషం. కుదరకపోయినా, తూము కారుతున్న సంగతి ఊళ్లో ఇంకొకరికి తెలిసినట్టవుతుంది.