పన్నెండు గంటలు వినడానికి పోయాం

పిల్లలూ!

నేను ముప్ఫై నాలుగేళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. చివరి కొన్నేళ్ళు హెడ్మాస్టరుగా కూడా పనిచేశాను. అటువంటి నాకు ఒక పాఠం మా మనవరాలు నడిరోడ్డు మీద నేర్పింది. ఆ సంగతి మీకు చెబుతాను, వినండి.

అది 2019 వేసవి. సెలవులకు మా అబ్బాయి, కోడలు, మనవలిద్దరూ బెజవాడ దగ్గర ఉన్న మా ఊరు వచ్చారు. మనవరాలికి పదకొండేళ్ళు, మనవడికి ఏడేళ్ళు. ఇద్దరికీ హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం చూడాలని కోరిక. ఆ మ్యూజియంలో ఒక వింత గడియారం ఉన్నది. గంట కాగానే అందులోనుంచి గడ్డం బొమ్మ ఒకటి బయటికి వచ్చి, ఎన్ని గంటలయితే అన్నిసార్లు గంట కొట్టి, లోపలికి పోతుంది. మరొక పక్క కమ్మరి బొమ్మ సుత్తి పట్టుకుని క్షణక్షణానికీ కొడుతూనే ఉంటాడు. పన్నెండు గంటలప్పుడయితే పన్నెండు దెబ్బలూ వినవచ్చునని జనం ముందుగానే వచ్చి చేరతారు.

“మనం కూడా పన్నెండు గంటలకే చూడాలి, తాతయ్యా!” అన్నారు పిల్లలు.

నాకు బడి అలవాటు పోలేదు. కాగితం మీద గీతలు గీసి టైంటేబులు వేశాను. గురువారం తెల్లవారుజామున నాలుగు గంటలకు బయలుదేరడం. ఏడింటికి సూర్యాపేటలో ఫలహారం. పదిన్నరకు హైదరాబాదు. పదకొండున్నరకు గడియారం ముందు. దారి మొత్తం సుమారు 270 కిలోమీటర్లు.

“ఇందులో అయిదు నిమిషాలు కూడా తేడా రాదు,” అన్నాను.

మా ఆవిడ ఏమీ అనలేదు. పులిహోర పొట్లాలు మాత్రం మరి రెండు ఎక్కువ కట్టింది.

మొదట మనవడి చెప్పు ఒకటి కనబడలేదు. దాన్ని వెతికేసరికి అరగంట గడిచింది. నందిగామ దాటగానే వెనక చక్రంలో మేకు దిగింది. స్టెప్నీ తీసి చూస్తే అందులోనూ గాలి లేదు! మా అబ్బాయి చక్రాన్ని ఆటోలో వేసుకుని నందిగామ పోయి, పంక్చరు వేయించి తెచ్చేసరికి ఎనిమిది అయింది.

“కొంచెం వేగంగా పోతే పన్నెండుకు ఇంకా అందుకోవచ్చు,” అన్నాను నేను. దారిలో తాటిముంజలు కనబడి పిల్లలు ఆపమన్నా ఆపనివ్వలేదు.

కోదాడ దాటాము. మునగాల ఇంకా రాలేదు. ఉన్నట్టుండి కారులో ఎర్రదీపం వెలిగింది. ముందువైపునుంచి బుసబుసమని ఆవిరి లేచింది. మా అబ్బాయి కారును చింతచెట్టు నీడకు చేర్చి, ఇంజను ఆపి, బానెట్ ఎత్తాడు. “కాసేపు ఎవరూ ముట్టుకోకండి,” అని చెప్పి, దూరాన కనబడుతున్న టీకొట్టుకు నీళ్ళ కోసం వెళ్ళాడు.

నేను గడియారం చూసుకున్నాను. తొమ్మిదింబావు. మనసు ఊరుకోలేదు. మరచెంబులో నీళ్ళు ఉన్నవి కదా, వాడు వచ్చేలోగా రేడియేటరులో పోసేద్దామనుకున్నాను. కండువా మడతపెట్టి మూత మీద వేసి, తిప్పబోయాను.

“తాతయ్యా, తియ్యకు!” అని మనవరాలు పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకున్నది.

“పెద్దవాళ్ళు పనిచేస్తూంటే మధ్యలో మాట్లాడవచ్చునా?” అని కసిరాను.

దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా చెయ్యి వదలలేదు. “కుక్కరులో ఆవిరి పోకుండా మూత తియ్యకూడదని మామ్మ చెప్పింది కదా!” అన్నది.

ఇంతలో అదే చెట్టుకింద ఆపిన లారీ డ్రైవరు, “పెద్దసారూ, చెయ్యి తియ్యండి!” అని కేక వేస్తూ వచ్చాడు. తన చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం ముడతలు పడి ఉన్నది. “నేనూ ఒకనాడు ఇట్లనే తొందరపడ్డాను. పాప మాట విన్నారు, మంచిదయింది,” అన్నాడు.

నేను మాట వినలేదు, పిల్లలూ. అది నా చెయ్యి వదలలేదు. అందువల్ల నా చెయ్యి దక్కింది.

ఆ మూత తీస్తే ఏమవుతుందో చెబుతాను. మామూలుగా నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగుతుంది. మూత బిగించి ఒత్తిడి పెంచితే, అంతకంటె ఎక్కువ వేడి అయినా మరగదు. మామూలు గాలి ఒత్తిడికి రెట్టింపు ఒత్తిడి ఉంటే, సుమారు 120 డిగ్రీల దాకా నీరు నీరుగానే ఉంటుంది. కుక్కరులో పప్పు త్వరగా ఉడకడానికి కారణం అదే. వేడెక్కిన రేడియేటరు కూడా అటువంటిదే. మూత తీయగానే ఒత్తిడి పడిపోతుంది. అంతవరకు అణిగి ఉన్న నీరు ఒక్కసారిగా మరుగుతుంది. గ్లాసెడు నీరు పూర్తిగా ఆవిరి అయితే, సుమారు 1,600 గ్లాసుల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఆవిరి మరిగే నీటితో సహా మొహం మీదికి చిమ్ముతుంది.

ఇది నాకు తెలియనిది కాదు. ఏటా తరగతిలో గాజుకుప్పెలో నీళ్ళు మరగబెట్టి, మంట తీసేసి, బిరడా బిగించి తలకిందులుగా పట్టుకుని, పైన చన్నీళ్ళు పోసేవాణ్ణి. లోపలి ఆవిరి చల్లబడి ఒత్తిడి తగ్గి, మంట లేకపోయినా నీరు మళ్ళీ మరిగేది. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. అన్నేళ్ళు చెప్పిన పాఠం, పన్నెండు గంటల తొందరలో నాకు జ్ఞాపకం రాలేదు. మామ్మ వంటింట్లో చెప్పిన మాట ఆ పిల్లకు జ్ఞాపకం ఉన్నది.

తరవాత సూర్యాపేట నుంచి మెకానిక్కు వచ్చాడు. ఇంజను చుట్టూ నీటిని తిప్పే పంపు బెల్టు తెగిందట. ఇంజను పూర్తిగా చల్లారాక కొత్త బెల్టు వేసి నీళ్ళు పోశాడు. అంతదాకా మేమంతా చెట్టుకింద కూర్చుని పులిహోర తిన్నాము. ఎక్కువ కట్టిన పొట్లాలు లారీ డ్రైవరుకూ, మెకానిక్కుకూ సరిపోయాయి.

అప్పుడే అందరి ముందూ మనవరాలిని పిలిచి, “అమ్మా, తప్పు నాది. నువ్వు చెప్పిందే సరి. నిన్ను కసరకుండా ఉండవలసింది,” అన్నాను. అది సిగ్గుపడి మామ్మ వెనక దాక్కున్నది. నాకు మాత్రం మనసు కలుక్కుమన్నది. బడిలో “మధ్యలో మాట్లాడకు” అని నేను ఎంతమంది నోళ్ళు మూయించానో! అందులో ఎన్ని మంచిమాటలు ఉన్నవో!

హైదరాబాదు చేరేసరికి దీపాలు పెట్టారు. మర్నాడు పదకొండున్నరకల్లా మ్యూజియం దగ్గర దిగాము. గేటు మూసి ఉన్నది. శుక్రవారం ఆ మ్యూజియానికి సెలవు! టైంటేబులు వేసిన నేను ఆ సంగతే కనుక్కోలేదు. మనవరాలు నవ్వు ఆపుకుంటూ నావైపు చూసింది. “నవ్వవే, ఫరవాలేదు,” అన్నాను.

శనివారం ఆ పన్నెండు దెబ్బలూ విన్నాము. మనవడు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు టైంటేబులు వేయలేదు. దారిలో కారు ఆపించి, పిల్లలకు తాటిముంజలు కొనిపెట్టాను.