టక్కుమన్న చప్పుడు

మా ఇంట్లో ఆంప్లిఫయరు స్విచ్చి వేయగానే పాట రాదు. మూడు సెకన్ల నిశ్శబ్దం, లోపలెక్కడో "టక్"మని చిన్న చప్పుడు, ఆ తర్వాతే తంబురా శ్రుతి. కొత్తగా వచ్చినవాళ్ళు ఏదో పాడైందనుకుంటారు. నాకు మాత్రం ఆ చప్పుడు వినపడితేగాని మనసు కుదుటపడదు. దానికి కారణం మా బాబాయిగారి ఊఫరు.

1989లో హైదరాబాదులో చదువుకుంటూ, కోఠీ గుజరాతీ గల్లీలో విడిభాగాలు ఏరుకొచ్చి ఒక ముప్ఫై వాట్ల ఆంప్లిఫయరు కట్టాను. చివర 2ఎన్3055, ఎంజే2955 జంట. సప్లై అటు 28, ఇటు 28 వోల్టులు. పుస్తకంలో ఆ సర్క్యూటు పక్కనే స్పీకరు రక్షణకు వేరే బొమ్మ ఉంది. రిలే ఖరీదు దండగనిపించి పుట తిప్పేశాను. ఫ్యూజు ఉందిగా అన్న ధీమా ఒకటి.

సెలవులకు కాకినాడ పట్టుకెళ్ళి బాబాయి స్పీకర్లకు తగిలించాను. గుమాస్తా జీతంలో కూడబెట్టి కొనుక్కున్నవి. టేకు పెట్టెలు దగ్గరుండి చేయించుకున్నారు. బాలమురళిగారి టేపు ఒక పక్క పూర్తికాకుండానే ఎడమ పెట్టెలోంచి దభీమని మోత. ఊఫరు కోను ముందుకు పొడుచుకొచ్చి అలాగే నిలిచిపోయింది. నేను వైరు పీకేలోగానే వార్నిషు మాడిన కమురు వాసన.

విప్పి చూస్తే, ఫీడ్‌బ్యాక్ రెసిస్టరు దగ్గర నా టంకం సరిగా పట్టలేదు. అది వదలగానే అదుపు తప్పి, అవుట్‌పుట్ వెళ్ళి సప్లైకి అంటుకుంది. 8 ఓముల స్పీకరు డీసీకి సుమారు 6 ఓములే. అంటే 28 వోల్టులకు 4.7 ఆంపియర్లు, 130 వాట్లు. పాటలోనైతే వాట్లు వచ్చి పోతుంటాయి, కోను కదలికకు గాలి ఆడుతుంది. ఇక్కడ కదలికే లేదు; అంతా వేడి. మరి నా 3 ఆంపియర్ల ఫ్యూజో? ఒకటిన్నర రెట్ల కరెంటును నిమిషాల తరబడి నింపాదిగా మోస్తుంది. ఇల్లు తగలబడకుండా చూడటం దాని ఉద్యోగం, వాయిస్ కాయిల్ సంగతి దానికి పట్టదు.

బాబాయి "పోనీలేరా, నేర్చుకుంటున్నావుగా" అన్నారు, అంతే. ఆ రాత్రి కుడి పెట్టె ఒక్కదానికీ పాత రేడియో తగిలించుకుని విన్నారు. తిట్టినా బాగుండేది.

హైదరాబాదు రాగానే, తిప్పేసిన పుట వెతికి కట్టాను. చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. అవుట్‌పుట్ నుంచి 22 కిలో ఓముల రెసిస్టరు, దాని వెంట వీపులు ఆనించిన రెండు 47 మైక్రోఫారడ్ కెపాసిటర్లు. సంగీతం పైకీ కిందికీ సమానంగా ఊగుతుంది కనుక అక్కడ మిగిలేది దాదాపు సున్న. డీసీ మాత్రం ఒకే వైపు పోగవుతుంది. అర వోల్టు దాటి కాస్త పెరగగానే ట్రాన్సిస్టరు మేలుకొని (ప్లస్సుకొకటి, మైనస్సుకొకటి) రిలేను వదిలేయిస్తుంది. 28 వోల్టులకైతే అది మేలుకోవడానికి సెకనులో నూరోవంతుకు కాస్త ఎక్కువ. మొదటి మూడు సెకన్లు రిలేను పట్టి ఉంచితే స్విచ్చి వేసినప్పటి కుదుపూ తప్పుతుంది.

చాలామంది పట్టించుకోని సంగతొకటి ఉంది. డీసీని తెంచేటప్పుడు రిలే కాంటాక్టుల మధ్య నిప్పు సాగుతుంది, ఒక్కోసారి అవి అతుక్కుపోతాయి కూడా. అందుకని స్పీకరును కదిలే కాంటాక్టుకు కలిపి, రిలే వదిలినప్పుడు అది ఆనుకునే కాంటాక్టును గ్రౌండుకు కట్టాలి. అప్పుడు నిప్పు సాగినా కరెంటు గ్రౌండుకే పోతుంది, ఆ దెబ్బకు ఫ్యూజు నిజంగానే తెగుతుంది. ఈ తతంగమంతా ఎన్ఈసీ వారి యూపీసీ1237 అనే ఎనిమిది కాళ్ళ చిప్పులో ఇమిడిపోయింది గాని, నాకు ఆ రెండు కెపాసిటర్ల మీదే అభిమానం.

కాలిన ఊఫరుకు కాయిల్ చుట్టించి, 1991 సంక్రాంతికి రిలే ఉన్న ఆంప్లిఫయరు బాబాయికి పట్టుకెళ్ళాను. స్విచ్చి వేసి, పాట రాక, నా మొహంలోకి చూశారు. టక్కుమంది.

"అదేమిట్రా?"

"కాపలావాడు, బాబాయ్."

ఆయన నవ్వి, టేపు పెట్టారు. కాసేపటికి, ఎడమ పెట్టెలో మృదంగం ఇదివరకటి కన్నా బాగుందన్నారు. బాగాలేదు. చుట్టించిన కాయిల్ ఎక్కడో రాసుకుంటోంది, నాకు తెలుస్తూనే ఉంది.