ఊరికో చలి... పంపుకో చిక్కు!

బయట మైనస్‌ 10 డిగ్రీలు. కిటికీ అంచుల దాకా మంచు. గోడకున్న మిషన్‌లోంచి గాలైతే వస్తోంది కానీ గది మాత్రం వెచ్చబడటం లేదు. చలికాలం మొదలైందంటే నార్వేలో ఎన్నో ఇళ్లలో వినిపించే ఫిర్యాదు ఇది. చిత్రమేంటంటే, ఒకే రకం మిషన్‌కి ఒక్కో ఊళ్లో ఒక్కో జబ్బు! రాజధాని ఓస్లోలో వచ్చే చిక్కు వేరు, వానల ఊరు బెర్గెన్‌లో వచ్చేది వేరు. ఉప్పుగాలి వీచే లోఫోటెన్‌ దీవుల్లో ఒకటైతే, కొండల మధ్యనున్న రోరోస్‌లో మరొకటి. ఆ నాలుగుచోట్లా తిరిగొస్తే నార్వే చలి ఎన్ని రకాలో తెలుస్తుంది. ఇంటిని వెచ్చబరిచే హీట్‌పంపు గుట్టూ తెలుస్తుంది.

తిరగేసిన ఏసీ

హీట్‌పంపు మనకి మరీ కొత్తదేమీ కాదు. మన ఇంట్లో స్ప్లిట్‌ ఏసీ ఏం చేస్తుంది? గదిలోని వేడిని తీసుకెళ్లి బయట పారబోస్తుంది. హీట్‌పంపు ఆ పనినే తిరగేసి చేస్తుంది. బయటి వేడిని లోపలికి మోసుకొస్తుంది. గడ్డకట్టే చలిలో వేడెక్కడిదీ అనిపించొచ్చు. మైనస్‌ 15 డిగ్రీల గాలిలోనూ వేడి ఉంటుంది. పంపు గొట్టాల్లో తిరిగే ఆర్‌-32 అనే పదార్థం మామూలు పీడనంలో మైనస్‌ 52 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. దానికి ఆ చలిగాలే పెద్ద సెగ! అలా ఆవిరైన గ్యాస్‌ని కంప్రెసర్‌ నొక్కి మరింత వేడెక్కించి ఇంట్లోకి పంపుతుంది. చలి ఓ మోస్తరుగా ఉన్న రోజున ఒక యూనిట్‌ కరెంటు ఖర్చు పెడితే మూడు నాలుగు యూనిట్ల వేడి అందుతుందంటే కారణం అదే.

నార్వేవాళ్లకి ఈ లెక్క చాలా ముఖ్యం. అక్కడ కరెంటులో అత్యధిక భాగం జలవిద్యుత్తే. ఇళ్లను వెచ్చబరిచేది కూడా ఎక్కువగా కరెంటే. 2002లో వానలు తగ్గి జలాశయాల్లో నీళ్లు పడిపోయేసరికి ఆ చలికాలం కరెంటు ధర చుక్కలు చూపించింది. దాంతో 2003లో హీట్‌పంపులు పెట్టుకునేవాళ్లకి ప్రభుత్వం సాయం చేసింది. 2020 నుంచి ఇళ్లలో వెచ్చదనం కోసం చమురు మండించడాన్ని నిషేధించింది. ఆ దేశంలో 60 శాతం భవనాలకు హీట్‌పంపులున్నాయని 2022లో అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క చెప్పింది. 2021 చలికాలంలో ధరలు మళ్లీ మండిపోయినప్పుడు ఒక పరిమితి దాటిన బిల్లులో కొంత ప్రభుత్వమే భరించాల్సి వచ్చింది. అలాంటిచోట పంపు సరిగ్గా పనిచేయకపోతే కరెంటు హీటర్లు వేసుకోవాలి. అవి ఒక యూనిట్‌కి ఒక యూనిట్‌ వేడే ఇస్తాయి. అంటే అదే వెచ్చదనానికి రెండుమూడు రెట్ల బిల్లు!

ఓస్లో: దుమ్మూ మంచూ

ఓస్లో నడిబొడ్డున మెట్రో రైలెక్కితే అది మెల్లగా కొండెక్కుతూ హోల్మెన్‌కోలెన్‌ స్కీ మైదానం మీదుగా అడవి అంచుకి చేరుస్తుంది. దారి పొడవునా ఎర్రవీ పసుపువీ చెక్క ఇళ్లు. కొన్ని ఇళ్ల గోడల పక్కన మన కోళ్లగూడు లాంటి చిన్న చెక్క పెట్టె కనిపిస్తుంది. పైన కప్పు, చుట్టూ పట్టీలు. లోపలుండేది కోళ్లు కాదు, హీట్‌పంపు బయటి యూనిట్‌. అందం కోసమూ మంచు పడకుండానూ అలా కడతారు. పట్టీలు మరీ దగ్గరగా ఉంటే మాత్రం చిక్కే. పంపు వేడి పీల్చుకుని వదిలేసిన చల్లగాలి బయటికి పోలేక అక్కడక్కడే తిరుగుతుంది. దాన్నే పంపు మళ్లీ పీలుస్తుంది. పిప్పిని మళ్లీ గానుగలో వేసినట్టన్నమాట. కప్పు మీంచి జారిన మంచు ఫ్యాను ముందు గుట్టగా పేరుకున్నా అంతే. అందుకే యూనిట్‌ని నేలకి ఎత్తుగా బిగిస్తారు, చుట్టూ మంచు ఊడుస్తారు.

లోపలి చిక్కు ఇంకా చిన్నది... ఫిల్టర్‌! చలికాలమంతా తలుపులు మూసే ఉంటాయి కాబట్టి దుప్పట్ల నూగూ పెంపుడు పిల్లుల బొచ్చూ అంతా అక్కడికే చేరుతుంది. నెలకోసారి తీసి శుభ్రం చేస్తే సగం ఫిర్యాదులు ఉండవు. ఉద్యోగాలకనీ చదువులకనీ కొత్తగా వెళ్లిన తెలుగువాళ్లకి ఎదురయ్యే తికమక మరోటుంది. రిమోట్‌లో మంచు బొమ్మ ఉంటే చల్లదనం, సూర్యుడి బొమ్మ ఉంటే వెచ్చదనం. హైదరాబాద్‌ అలవాటు కొద్దీ మొదటిది నొక్కితే చలికి చలి తోడైనట్టే. ‘ఆటో’లో పెట్టినా మిషన్‌ ఒక్కోసారి తనకి తోచింది తను చేస్తుంది. సూర్యుడి బొమ్మే నయం.

బెర్గెన్‌: మిషన్‌కి పొగలు!

ఓస్లో నుంచి పడమటి తీరంలోని బెర్గెన్‌కి రైల్లో దాదాపు ఏడు గంటలు. మధ్యలో 1222 మీటర్ల ఎత్తున ఫిన్సే స్టేషన్‌ దగ్గర అంతా తెల్లటి ఎడారి. అక్కణ్నుంచి దిగుతుంటే మంచు పోయి వాన మొదలవుతుంది. ప్రపంచ వారసత్వ సంపదగా 1979లో గుర్తింపు పొందిన ‘బ్రిగ్గెన్‌’ చెక్క భవనాలు కూడా తడుస్తూనే స్వాగతం చెబుతాయి. ఏడాదిలో 200 రోజులకు పైగా వాన పడే ఊరిది. జనవరిలోనూ సున్నాకి కాస్త పైనే ఉంటుంది.

మరి పంపుకి హాయే కదా అనుకుంటాం. ఇబ్బంది ఇక్కడే మొదలు. బయటి గాలికన్నా యూనిట్‌ రేకులు ఇంకా చల్లగా ఉంటాయి. తడిగాలి తగలగానే ఆ తేమ వాటిమీద గడ్డకడుతుంది. పొడిగా ఉండే మైనస్‌ 15 కన్నా తడితడిగా ఉండే సున్నా దగ్గరే మంచు ఎక్కువ పట్టేది అందుకే. దాన్ని వదిలించుకోవడానికి పంపు కాసేపు వెనక్కి తిరిగి, వేడిని రేకులకి పంపుతుంది. ఫ్యాను ఆగుతుంది. లోపల వెచ్చటి గాలి ఆగుతుంది. బయట గుప్పున ఆవిరి లేస్తుంది. తెలియనివాళ్లు మిషన్‌ కాలిపోతోందని హడలిపోతారు. కొద్ది నిమిషాల్లో మళ్లీ మామూలే. ఇది జబ్బు కాదు, పంపు తన ఒళ్లు తను శుభ్రం చేసుకోవడం.

అసలు జబ్బు ఎప్పుడంటే, కరిగిన నీళ్లు కిందికి పోకుండా అడుగునే గడ్డకట్టినప్పుడు. నీళ్లు పోయే రంధ్రం మూసుకుపోవచ్చు. అడుగు పళ్లేన్ని వేడిగా ఉంచే తీగ పాడైపోవచ్చు. చాకుతోనో ఇనుప ఊచతోనో ఆ మంచుని పొడిస్తే సన్నటి రేకులు వంగిపోతాయి, గొట్టానికి చిల్లు పడుతుంది. చిన్న మరమ్మతు కాస్తా పెద్ద ఖర్చవుతుంది. మిషన్‌ ఆపి, గోరువెచ్చటి నీళ్లతో కరగనివ్వాలి. రెండ్రోజుల్లో మళ్లీ పేరుకుంటే మెకానిక్‌ని పిలవాల్సిందే.

లోఫోటెన్‌: ఉప్పు తినేస్తుంది

బెర్గెన్‌లో ఓడెక్కి తీరం వెంట ఉత్తరానికి వెళ్తే మూడు రోజులకు లోఫోటెన్‌ దీవులొస్తాయి. ఆర్కిటిక్‌ వలయం దాటాక కూడా సముద్రంలోని వెచ్చటి ప్రవాహం పుణ్యమా అని అక్కడ చలి మరీ విపరీతంగా ఉండదు. ఫిబ్రవరి నుంచి మే దాకా చెక్క దడులమీద కాడ్‌ చేపలు వేలాడుతుంటాయి. వాటిని ఆరబెట్టే ఆ గాలే పంపులకి శత్రువు. అందులోని ఉప్పు రేకుల్నీ గొట్టాల అతుకుల్నీ తినేస్తుంది. అప్పుడప్పుడూ మంచినీళ్లతో యూనిట్‌ని కడిగితే కొన్నాళ్లు ఎక్కువ మన్నుతుంది.

గ్యాస్‌ కారిపోతున్న పంపుని గుర్తుపట్టొచ్చు. ఎంతసేపు తిరిగినా గాలి గోరువెచ్చగానే ఉంటుంది. బయటి రేకులమీద మంచు ఒకవైపే పడుతుంది. అతుకుల దగ్గర నూనె మరకలు కనిపిస్తాయి. ‘గ్యాస్‌ అయిపోయింది, నింపితే చాలు’ అన్నమాట మన ఏసీల విషయంలోనూ వింటుంటాం. నిజానికి అది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే. చిల్లు మూయకుండా నింపితే వచ్చే చలికాలానికి మళ్లీ ఖాళీ. నార్వేలో ఆ గ్యాస్‌ జోలికి వెళ్లాలంటే ప్రత్యేక ధ్రువపత్రం ఉండాలి. ఇంట్లోవాళ్లు ముట్టుకోకూడని పని అది.

రోరోస్‌: తప్పు పంపుది కాదు

తీరం వదిలి ట్రోండ్‌హైమ్‌లో రైలెక్కితే రెండున్నర గంటల్లో రోరోస్‌. 1644లో రాగి గనులతో పుట్టిన ఊరు. 1977లో తవ్వకాలు ఆగిపోయినా, నల్లబడిన చెక్క ఇళ్ల వరసలు చెక్కుచెదరలేదు. 1980లో అదీ ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇక చలి సంగతంటారా... 1914 జనవరిలో ఇక్కడ మైనస్‌ 50.4 డిగ్రీలు నమోదైంది!

ఇక్కడ పంపు వెచ్చబరచడం లేదంటే అది పాడైందనుకోనక్కర్లేదు. చలి పెరిగేకొద్దీ ఇంటికి కావాల్సిన వేడి పెరుగుతుంది, పంపు తేగలిగే వేడి తగ్గుతుంది. మూడు నాలుగు రెట్లిచ్చేది మైనస్‌ 15 వద్ద రెండు రెట్లకి దిగొచ్చు. రిమోట్‌లో 30 పెట్టినంత మాత్రాన శక్తికి మించి ఇవ్వదు. రాత్రి బాగా తగ్గించి తెల్లారాక ఒక్కసారిగా పెంచితే, చల్లబడిన గోడల్ని వేడెక్కించలేక అవస్థ పడుతుంది. అలాంటి రోజుల్లో ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఉంచి, ఫ్యాను వేగం పెంచి, గాలిని నేలవైపు తిప్పడం మేలు. మిగతాది కట్టెల పొయ్యి చూసుకుంటుంది. ఎండిన బర్చి కట్టెలు పేర్చిన ఇళ్లు అక్కడ అడుగడుగునా కనిపిస్తాయి. చలికి కరెంటు తీగలు తెగినా ఇంట్లో పిల్లలూ పెద్దలూ వణక్కుండా ఉండేది ఆ పొయ్యి వల్లే.

మెకానిక్‌కి ఫోన్‌ చేసేముందు...

* రిమోట్‌లో సూర్యుడి బొమ్మ ఉందా?
* ఫిల్టర్‌ శుభ్రంగా ఉందా?
* బయటి యూనిట్‌ చుట్టూ మంచూ ఆకులూ లేవుకదా? అడుగున గడ్డ కట్టలేదుకదా?
* ఆగింది నిజంగా ఆగిందా, మంచు కరిగించుకుంటోందా? పావుగంట ఆగి చూశారా?
* లోపలి యూనిట్‌ పీల్చే గాలికీ వదిలే గాలికీ థర్మామీటరులో పది పదిహేను డిగ్రీల తేడా కనిపిస్తోందా?

అన్నీ సరిగ్గా ఉండి ఆ తేడా మాత్రం రాకపోతే అప్పుడు మెకానిక్‌. పంపు వేడిని పుట్టించదు, మోసుకొస్తుంది. మోసేవాడికి దారివ్వడం ఇంట్లోవాళ్ల పని. ఓస్లో కొండమీదైనా రోరోస్‌ వీధిలోనైనా గుమ్మం పక్కన మంచు ఊడ్చే చీపురొకటి ఆనించి ఉంటుంది. హీట్‌పంపుకి తొలి మెకానిక్‌ అదే!