కొల్లూరు మీద నీళ్లు

ఎత్తిపోతల దగ్గర సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకే చంద్రవంక కొద్ది దూరంలోనే కృష్ణలో కలిసి, పల్నాటి అంచు వెంట దిగువకు సాగి, ఒకప్పటి వజ్రాల గనుల ఊరైన కొల్లూరును చేరుతుంది. పులిచింతల జలాశయం కింద అది ఇప్పుడు ముంపు గ్రామం, అంటే ఆనకట్ట నీటికి నేలను అప్పగించి జనం తరలిపోయిన ఊరు.

17వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే, ఈ గనుల్లో 60,000 మంది పనిచేసేవారని రాశాడు. ఆ లెక్కలో అతిశయోక్తి ఉంటే ఉండవచ్చు గాని, పని వర్ణన మాత్రం కళ్లకు కట్టినట్టుంటుంది. పురుషులు నిలువెత్తుకు రెండింతల లోతు తవ్వి, ఊట తగలగానే ఆపేవారు. స్త్రీలు, పిల్లలు ఆ మన్నును మోసుకొచ్చి, చుట్టూ పొట్టి గోడ కట్టిన మడిలో పోసి, నీళ్లు పట్టి, బురద వదిలించి, ఎండిన దాన్ని చేటలతో తూర్పారబట్టాక, గడ్డలు చితక్కొట్టి మిగిలిన గులకలో చేతులతో వజ్రాలు వెదికేవారు.

వరి కళ్లంలో ఆరితేరిన చేతులకు ఈ తూర్పారబట్టడం కొత్త విద్య కాదేమో. కోహినూరు ఇక్కడే దొరికిందని ప్రతీతి. అయినా రాళ్లకు పేరు తెచ్చింది తవ్విన ఊరు కాదు, అమ్మిన నగరం. లోకమంతా వాటిని గోల్కొండ వజ్రాలనే పిలిచింది. రాళ్లు చేతులు మారిన ప్రతిసారీ కొన్న రాజు పేరు చరిత్రకెక్కింది గాని, గులకను వేళ్లతో కెలికిన మనిషి పేరు ఒక్కటీ ఎక్కలేదు.