అవ్వ గిన్నె కాఫీ

"డెజర్ట్ కాఫీ మీద ఏదైనా రాయి. ఇంట్లో చేసుకునేదై ఉండాలి. కొంచెం కొత్తగా ఉండాలి."

సోమవారం పొద్దున ఫోన్లో మా ఎడిటర్ గారు చెప్పింది అంతే. నేనూ ఉత్సాహంగా సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక గానీ తెలిసిరాలేదు... నాకు కాఫీ తాగడం వచ్చు, స్వీట్లు తినడం అంతకంటే బాగా వచ్చు. రెండూ కలిపి ఒకే గ్లాసులో పోయడం మాత్రం రాదని!

మా కాపురం పెనుకొండలో. అమ్మావాళ్లది హిందూపురం, అత్తగారిల్లు ధర్మవరం. మూడూ ఒకే రైలు దారి మీద ఉన్న ఊళ్లు. దక్షిణానికి వెళ్లే రైలెక్కితే పుట్టిల్లు, ఉత్తరానికి వెళ్లేదెక్కితే అత్తిల్లు. 2022లో శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడ్డాక మూడూ అందులోకే వచ్చాయి. ఏ ఇంటికి వెళ్లినా చెప్పులు విప్పకముందే వినపడే మాట ఒకటే. "కాఫీ తాగుతావా?" అది ప్రశ్న కాదు. వద్దన్నా కాఫీ వస్తుంది.

కాఫీతో ప్రయోగాలు నాకు బొత్తిగా కొత్తేం కాదు. 2020 లాక్‌డౌన్‌లో అందరిలాగే నేనూ డాల్గోనా కాఫీ చేశాను. ఇన్‌స్టంట్ కాఫీ పొడి, చక్కెర, వేడినీళ్లు మూడూ సమానంగా తీసుకుని, చెయ్యి పడిపోయేదాకా గిలకొట్టి, ఆ నురగని చల్లటి పాల మీద వేసుకోవడమే. ఆ ఏడాది జనవరిలో జుంగ్ ఇల్-వూ అనే కొరియా నటుడు ఓ టీవీ కార్యక్రమంలో మకావులో తాగిన ఈ కాఫీని చూసి, ఇది మా డాల్గోనాలా ఉందన్నాడట. డాల్గోనా అంటే చక్కెర కరిగించి, చిటికెడు సోడా వేసి పొంగించే కొరియా మిఠాయి. విచిత్రమేంటంటే కాఫీలో ఆ మిఠాయి ఉండదు. పోలిక మాత్రమే! ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక మా పెనుకొండకు కొరియావాళ్లూ కొత్త కాదు. వాళ్ల మిఠాయి పేరున్న కాఫీని కృష్ణదేవరాయలు తిరిగిన ఊళ్లో నేను గిలకొట్టాను. తాగి మావారు చెప్పిన తీర్పు... "బాగుంది. ఇప్పుడు అసలు కాఫీ పెట్టు."

ఇటలీవాళ్ల తిరమిసు కూడా ఇలాంటిదే. కాఫీలో ముంచిన బిస్కెట్ల మీద గుడ్డు, మీగడలాంటి చీజ్ కలిపి పరిచి, పైన కోకో చల్లుతారు. పేరుకు అర్థం 'నన్ను పైకి లేపు' అని. వాళ్లదే ఇంకోటి అఫొగాటో. ఐస్‌క్రీమ్ మీద చిక్కటి వేడి కాఫీ పోస్తారు. 'మునిగిపోయింది' అని ఆ పేరుకు అర్థం. ఇవన్నీ చదువుతుంటే నాకో ఆలోచన వచ్చింది. ఎవరి పండగ తీపిని వాళ్లు కాఫీలో ముంచుకుంటున్నారు కదా, మరి మన ఓళిగ ఏం పాపం చేసింది?

కోస్తా వాళ్లు బొబ్బట్టు అంటారు. మా హిందూపురంలో కన్నడం కలిసిన నోళ్లు ఒబ్బట్టు అంటాయి. శనగబేడలు, బెల్లం, యాలకులు... ఆ పూర్ణం రుచి కాఫీలోకి వస్తే! తలుచుకుంటేనే నోరూరింది. వెంటనే స్టవ్ వెలిగించాను.

విరిగిన పాలు

పాలు కాగుతున్నాయి. పూర్ణం రెండు చెంచాలు వేశాను. డికాషన్ పోశాను. అర నిమిషంలో గిన్నెలో పాలు పాలుగా, నీళ్లు నీళ్లుగా విడిపోయాయి. రెండోసారి బెల్లం తగ్గించాను. మళ్లీ విరిగింది. మూడోసారి పాలు విరగలేదు గానీ, అడుగున బేడలు ముద్దలా చేరి, పైన కాఫీ పప్పుకట్టులా తేలింది. ఆ రోజు అర లీటరు పాలు, నా పరువు రెండూ సింకులో పోశాను.

ఆదివారం ధర్మవరం వెళ్లాం. అత్తగారింట్లో ఇప్పటికీ గుంత మగ్గం ఉంది. మామయ్య పట్టుచీర నేస్తారు. ఆ ఇంట్లో కాఫీకి ఓ కట్టుబాటుంది. మగ్గం మీద కూర్చుని ఎవరూ తాగకూడదు. పడుగు మీద ఒక్క చుక్క పడితే ఎన్నో రోజుల కష్టం మరకైపోతుంది. అందుకని మామయ్య గుంతలోంచి లేచి, చేతులు కడుక్కుని, వాకిట్లో అరుగు మీద కూర్చుని తాగుతారు. ఆ పది నిమిషాలూ మగ్గం చప్పుడుండదు. వీధిలో వాళ్లకు అదే గడియారం.

నా పాలు విరిగిన కథ విని అత్తమ్మ నవ్వలేదు. "పాయసంలో బెల్లం ఎప్పుడు ఏస్తావు?" అని అడిగింది.

"స్టవ్ ఆపేశాక."

"మరి కాఫీకి వేరే న్యాయమా?"

అంతే! డిప్లొమా చేసి, పదేళ్లుగా వంటల మీద, ఊళ్ల మీద రాస్తున్న నాకు ఆ చిన్న విషయం తట్టలేదు. పాలల్లో కేసీన్ అనే ప్రొటీన్ ఉంటుంది. పులుపు తగిలితే అది ముద్దకడుతుంది. పాలు ఎంత వేడిగా ఉంటే అంత కొద్దిపాటి పులుపుకే విరిగిపోతాయి. బెల్లంలో కాస్త పులుపు, కొన్ని లవణాలు ఉంటాయి. కాఫీ డికాషనూ పుల్లటిదే. రెండింటినీ తీసుకెళ్లి మరిగే పాలలో వేస్తే విరగక ఏమవుతాయి?

అమ్మ మౌనం

ఆ తర్వాతి శనివారం హిందూపురం వెళ్లాను. బెల్లానికి, చింతపండుకు పేరుపడ్డ ఊరు మాది. బెల్లం ఎంచడం మా అమ్మకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. పసుప్పచ్చగా నిగనిగలాడే దిమ్మను పక్కకు నెట్టేసి, ముదురు రంగుది తీసుకోమంటుంది. రంగు తేలడానికి హైడ్రోస్ లాంటి రసాయనాలు కలుపుతుంటారు కదా, ఆ భయం. ఏరి ఏరి అరకేజీ కొనుక్కొచ్చి, వంటింట్లో పెట్టి, "ఓళిగ రుచి వచ్చేట్టు కాఫీ చేద్దామమ్మా" అన్నాను.

అమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కాసేపు పలకలేదు కూడా. బేడలు కడుగుతూ కడుగుతూ, "మీ అవ్వ తాగేది కదా ఆ కాఫీ" అంది.

నాకు తెలిసిన అవ్వ మంచంలో పడుకుని ఉండే ముసలావిడ. నేను చిన్నగా ఉన్నప్పుడే పోయింది. ఆమెకు వంటింట్లో ఒక బతుకు ఉందని ఎప్పుడూ ఆలోచించలేదు.

అమ్మ చెప్పిన కథ ఇది. 1970లలో మాట. ఇంటినిండా మనుషులు. పండగొస్తే చుట్టాలు. చక్కెర రేషన్ కార్డు మీద కొలిచి ఇచ్చే రోజులు కాబట్టి, చక్కెర కాఫీ వచ్చినవాళ్లకు, బెల్లం కాఫీ ఇంట్లోవాళ్లకు. ఎవరైనా వస్తే పిల్లలు తమ గ్లాసులు దాచుకునేవారట, లోపల రంగు కనబడుతుందని! ఉగాదికి అవ్వ పొద్దున్నుంచి పెనం ముందు కూర్చుని ఓళిగలు కాల్చేది. మగవాళ్లు తిన్నాక పిల్లలు, పిల్లలు తిన్నాక చుట్టాలకు మూటలు. చివరికి అవ్వ వంతు వచ్చేసరికి పళ్లెం ఖాళీ. అప్పుడు అవ్వ పూర్ణం రుబ్బి పెట్టిన ఇత్తడి గిన్నె దగ్గరికి తీసుకునేది. అంచులకు, అడుగుకు అంటుకున్న పూర్ణం ఎంతో కొంత ఉండేది. అందులో వేడి డికాషన్ పోసి, గరిటెతో గీకి, మిగిలిన పాలు కలిపి, గిన్నెను చేత్తో గుండ్రంగా తిప్పి, గిన్నెతోనే తాగేసేది.

నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. "పాపం అవ్వ" అన్నాను.

అమ్మకు కోపం వచ్చింది. "పాపం గీపం అని పేపర్లో రాయొద్దు. ఆయమ్మకు ఆ కాఫీ అంటే పాణం. పెరటి గడపలో కూర్చుని కళ్లు మూసుకుని తాగేది. మేము చుట్టూ మూగినా ఒక్క గుక్క పెట్టేది కాదు. ఓళిగలన్నీ మీకే పెడితిని, ఇది నాది అనేది."

ఇల్లంతటికీ పంచిపెట్టిన మనిషి, తనదని పట్టుకున్నది ఆ ఒక్క గిన్నె. అది కష్టమో, సంతోషమో తేల్చడానికి నేనెవరిని?

"మరి నువ్వెప్పుడూ తాగలేదా?" అని అడిగాను.

"లేదు."

పెద్దయ్యాక, తన ఇంట్లో తానే ఓళిగలు చేసేటప్పుడైనా? లేదట. చేయబుద్ధి కాలేదట. నాకు అప్పుడు మా ఇంటి ఉగాదులు గుర్తొచ్చాయి. "నాకు తీపి ఇష్టం లేదులే" అని అమ్మ తన ఓళిగ నా పళ్లెంలో వేయడం, నేను నిజమే అనుకుని తినేయడం. ఇప్పుడు అమ్మకు షుగర్. కాఫీలో ఏమీ వేసుకోదు. తినగలిగిన రోజుల్లో మిగల్లేదు, మిగిలే రోజుల్లో తినకూడదు.

గిన్నె కాఫీ చేద్దామా?

అమ్మ చెబుతుంటే నేను చేశాను. ఇద్దరికి సరిపడా కొలతలివి.

ముందుగా ఫిల్టర్‌లో మూడు చెంచాల కాఫీ పొడి వేసి, మరిగిన నీళ్లు పోసి, మూత పెట్టి వదిలేయండి. చికోరీ కలిసిన పొడైతే డికాషన్ చిక్కగా దిగుతుంది. అరగంటలో నాలుగైదు చెంచాలు కాదు, చిన్న గ్లాసు సగం దాకా డికాషన్ కావాలి.

గుప్పెడు శనగబేడలు మెత్తగా ఉడికించి, నీళ్లు వార్చి, చెంచాడు బేడల్ని వెన్నలా నూరుకోండి. మిగిలినవాటితో కూరో, వార్చిన నీళ్లతో చారో చేసుకోవచ్చు. రెండు చెంచాల బెల్లం తురుము రెండు చెంచాల నీళ్లలో కరిగించి, వడగట్టండి. ఇసుక, పీచు అంతా పోతుంది. ఈ పాకం, నూరిన బేడలు మందపాటి గిన్నెలో వేసి సన్నసెగ మీద కలుపుతూ ఉంటే దగ్గరపడి అడుగంటడం మొదలుపెడుతుంది. మాడకూడదు, అంటుకోవాలి. ఆ అంటుకున్న చోటే రుచంతా. చిటికెడు యాలకుల పొడి వేసి స్టవ్ ఆపేయండి.

వేడి డికాషన్ ముందు పోసి గరిటెతో గీకి కరిగించండి. పాలు ఒక గ్లాసు విడిగా కాచి, దించి, రెండు నిమిషాలు ఆగి, సన్నటి ధారగా పోయండి. కలిపాక మళ్లీ పొయ్యి మీద పెట్టారో, నా అర లీటరు పాల గతే! టీ జాలితో వడపోసి, రెండు గ్లాసుల్లో నాలుగుసార్లు తిరగబోస్తే నురగ వస్తుంది. పైన ఒక్క చుక్క నెయ్యి. పండగ రోజైతే ఇంత హడావుడి అక్కర్లేదు. పూర్ణం గిన్నె కడగకుండా ఉంచుకుంటే చాలు.

ఒక్క మాట. బెల్లం చక్కెర కంటే మంచిదేలే అని షుగర్ ఉన్నవాళ్లకు గ్లాసు నింపి ఇవ్వకండి. రక్తంలో చక్కెర పెంచడంలో రెండూ అక్కాచెల్లెళ్లే.

కాఫీ సిద్ధమయ్యేలోపు మిగతా పూర్ణంతో అమ్మ నాలుగు ఓళిగలు కాల్చింది. మొదటిది పెనం మీంచి దిగీ దిగగానే నేను అందుకుని, సగానికి తుంచి, అమ్మ పళ్లెంలో పెట్టాను. "ఎవురికీ పెట్టకుండా నాకేంది ముందు" అని గొణిగింది. రాత్రికి అన్నం తగ్గించుకోమని చెప్పాను. తింది. నేను పెరటి గడపలో కూర్చుని, ఇత్తడి గిన్నె లేదు కాబట్టి స్టీలు గిన్నెతోనే కాఫీ తాగాను. మొదట యాలకులు, తర్వాత కాఫీ చేదు, అన్నీ పోయాక నాలుక చివర కాలిన బెల్లం.

అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు గిన్నెకేసి చూసి, చెయ్యి చాపింది.

"ఒక్క గుక్క పెట్టు పాపా."

ఇచ్చాను. ఒకే ఒక్క గుక్క. కళ్లు మూసుకుని మింగి, గిన్నె నా చేతికిచ్చేస్తూ నవ్వింది.

"ఇందుకేనా, ఎవురికీ పెట్టేది కాదు!"